మొదటి సంచిక చెరిసగం

మా ఇంట్లో బొమ్మల కథల పిచ్చి ముందు పట్టింది అమ్మకు. ఆమెకు చదువు రాదు. మాది ఐరాల దగ్గర పల్లె. చెరకు పండించి బెల్లం వండేవాళ్లం. తొంభైల మొదట్లో, నాయన చిత్తూరు మండీకి బెల్లం తోలుకుపోయినప్పుడల్లా, తిరుగు బస్సు ఎక్కే ముందు బస్టాండు అంగట్లో ఒక ‘వడిసెల వీరుడు’ కొనుక్కొచ్చేవాడు. మద్రాసులో అచ్చయ్యే చిన్న పుస్తకం అది. అట్ట రంగుల్లో ఉంటుంది, లోపల బొమ్మలన్నీ నలుపూ తెలుపూ. పగలు గొర్రెలు కాసుకునే మనిషి, అవసరం వచ్చినప్పుడు ముఖానికి నల్లగుడ్డ కట్టుకుని, వడిసెలలో రాయి పెట్టి గిర్రున తిప్పి దొంగల నుదుట కొడతాడు. అదీ కథ.

అమ్మ కుట్టుమిషను తొక్కుతుంటే నేను పక్కన కూర్చుని గట్టిగా చదివేవాణ్ణి. మంచి బొమ్మ వస్తే చెప్పమనేది. చెప్పగానే మిషను ఆపి మెడ వంచి చూసేది.

“వాని కండ్లు సూడు. ఏడ్సి మొగం కడుక్కున్నోని మాదిరి ఉండాయి” అనేది.

వీరుడి తల్లిని కొండమీద కోటలో ఒక దొర బంధించి పెట్టాడు. ప్రతి పుస్తకంలోనూ వీరుడు కోట గోడ దాకా పోతాడు, ఏదో ఒక అడ్డం వస్తుంది, వెనక్కి తిరుగుతాడు. ఒక పుస్తకంలో గోడ ఎక్కి, కిటికీలోంచి తల్లి చెయ్యి పట్టుకున్నాడు. ‘తరువాయి వచ్చే నెల’ అని ఉంది. వచ్చే నెల పుస్తకం రాలేదు. ఆ పై నెలా రాలేదు. అంగడాయనను నాయన అడిగితే, “ఇంక రాదంటప్పా, ఆపేసినారంట” అన్నాడు. అమ్మ అన్నం తినకుండా పడుకుంది. ఒక పుస్తకం కోసం పెద్దమనిషి అన్నం మానేయడం నేను చూసింది అదొక్కసారే.

పుస్తకం రాకపోయినా మేము వీరుణ్ణి వదల్లేదు. అమ్మ జాకెట్లు కుట్టగా మిగిలిన నల్లగుడ్డతో ముసుగులు కుట్టింది. కాలరు లోపల పెట్టే గట్టిగుడ్డ వేసి కుట్టడంతో అవి ముఖానికి నిటారుగా నిలబడేవి. పాత కంబళి ముక్కలు కత్తిరించి జానెడు బొమ్మలు చేసేది. వాటి చేతిలో దారంతో అల్లిన బుల్లి వడిసెల ఉండేది. ఊళ్లో పిల్లలు ఎగబడి పట్టుకుపోయేవాళ్లు. నేను తిరుపతిలో డిగ్రీలో చేరాక, బండ్ల నంబరు ప్లేట్లకు రేడియం అతికించే అంగట్లో వీరుడి ముసుగు ఆకారం కోయించి, నా సైకిలు వెనక అంటించుకున్నాను. దాన్ని చూసే నన్ను ఒకడు రోడ్డుమీద ఆపాడు.

“నువ్వు వడిసెల వీరుడి మనిషివా?”

వాడు ఒక లాడ్జి ఓనరు కొడుకు. మాకంటే వయసులో పెద్దవాడు. చదువు మానేసి లాడ్జి మేడమీద గదిలో కూర్చునేవాడు. ఆ గదిలో ఒక ఇనప బీరువా, బీరువా నిండా బొమ్మల పుస్తకాలు. ప్రతి పుస్తకానికీ ప్లాస్టిక్ కవరు, కవర్ల మధ్య నాఫ్తలిన్ ఉండలు. ఆదివారాలు అక్కడ మాలాంటి పిచ్చివాళ్లు నలుగురైదుగురు చేరేవాళ్లు. పుస్తకం ముట్టుకోవాలంటే ముందు చేతులు కడుక్కుని, తుడుచుకుని, వాడికి చూపించాలి. అంచులు మాత్రమే పట్టుకోవాలి. మధ్యమధ్యలో వాడు ప్రశ్నలు వేసేవాడు. ఏ కథలో వీరుడి ఎడమకాలికి దెబ్బ తగిలింది? దొర గుర్రం పేరేమి? తప్పు చెప్పినవాడు అందరి ముందు గుంజిళ్లు తియ్యాలి. పెద్ద మీసాలున్న ఒకాయన, పిల్లల తండ్రి, గుంజిళ్లు తీస్తూ నవ్వుతుంటే మేమూ నవ్వేవాళ్లం. ఆ నవ్వులో ఉండటం మాకు గొప్పగానే ఉండేది.

అమ్మ కుట్టిన ముసుగులు ఆ గదిలో అందరికీ ఇచ్చాను. వాడు ఒకటి తీసుకుని అద్దం ముందు పెట్టుకుని, “మీయమ్మ చెయ్యి మంచిదప్పా” అన్నాడు. ఆ మాట ఆ వారమంతా నా చెవిలో ఉంది.

వాడి బీరువాలో అన్ని సంచికలూ ఉన్నాయి, మొదటిది తప్ప. మొదటి సంచిక నా దగ్గర ఉంది.

అది నాకు చిత్తూరులో దొరికింది. పాత పేపర్లు కొనే అంగట్లో ఒక ముసలామె చెనక్కాయల పొట్లాలకని కాగితాలు చించుతూ ఉంది. ఆమె ఒళ్లోని కట్టలో వీరుడి అట్ట కనిపించింది. ఆమె చెయ్యి దానిమీద పడేలోగా లాక్కున్నాను. ఇంటికి తెచ్చి అమ్మకు చదివాను. వీరుడికి ఆ ముసుగు కట్టింది వాళ్లమ్మే అని అందులో ఉంది. అమ్మ ఆ బొమ్మను చాలాసేపు చూసింది.

లాడ్జి అబ్బాయికి సంగతి తెలిశాక నన్ను వదల్లేదు. బీరువాలోంచి ఏ పుస్తకం కావాలన్నా తీసుకోమన్నాడు. రెండు తీసుకోమన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను.

“అమ్మది అది. ఇచ్చేది కాదు.”

“అమ్మదా? ఆమెకు సదువొచ్చునా?”

“రాదు.”

అందరూ నవ్వారు. వాడు మాత్రం నవ్వలేదు. “సరేలే అప్పా, నీ ఇష్టం” అని బీరువాకు తాళం వేశాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ పుస్తకాల మీద బొమ్మలు వేసినాయన పేరు ఎక్కడా ఉండదు. ప్రతి కథ చివరి బొమ్మ మూలలో ఒక చిన్న నత్త మాత్రం ఉంటుంది. మేమంతా ఆయన్ను నత్తాయన అనేవాళ్లం. ఆయన ఎవరో, ఎక్కడుంటాడో, బతికున్నాడో లేదో ఎవరికీ తెలియదు.

కొన్నాళ్లకు లాడ్జి అబ్బాయి మా హాస్టలుకే వచ్చాడు. చెమటలు పట్టి ఉన్నాడు. నన్ను పక్కకు లాగి, “నత్తాయన వచ్చినాడు!” అన్నాడు.

దర్శనానికి మద్రాసు నుంచి వచ్చి తమ లాడ్జిలోనే దిగాడట. రిజిస్టరులో సంతకం పక్కన నత్త వేస్తే వీడికి అర్థమైందట. మాట్లాడితే ఔనన్నాడట. ఆయన దగ్గర తన పుస్తకాలు ఒక్కటీ మిగల్లేదట, వర్షానికి ఇంట్లోకి నీళ్లొచ్చి అన్నీ పోయాయట.

“మొదటి సంచిక ఒకసారి కంటితో చూసి పోతానన్నాడు. రేపొక్క పూటే ఉంటాడు. మీయమ్మను గూడా పిలిపించు. మాస్కులు కుట్టింది ఆమే అని చెప్పినా. ఎంత సంతోషపడినాడో!”

నేను వాడి చేతులు పట్టుకున్నాను. అప్పటిదాకా వాణ్ణి గర్విష్ఠి అనుకుంటూ వచ్చినందుకు సిగ్గుపడ్డాను. ఐరాల టెలిఫోన్ బూతుకు ఫోను చేసి ఇంటికి కబురు పెట్టించాను.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకు అమ్మ దిగింది. పెళ్లిళ్లకు కట్టే చీర కట్టుకుంది. చేతిలో క్యారియరు, దాని నిండా బెల్లం పూర్ణం పెట్టిన ఓళిగలు. చంకలో గుడ్డసంచి, అందులో కొత్తగా కుట్టిన బొమ్మ. ఎప్పటి జానెడు బొమ్మ కాదు, మూరెడు బొమ్మ. పైన చిన్న కంబళి కప్పి, ముసుగు విప్పడానికి వెనక ముడి కూడా పెట్టింది. ఎప్పుడు కుట్టావమ్మా అంటే, “నిద్ర పట్టలేదు, కుట్టినా” అంది. మొదటి సంచిక చీర మడతల మధ్య పెట్టి తెచ్చింది.

లాడ్జి గదిలో మంచం మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. అప్పుడే తీయించిన గుండు, గుండంతా గంధం, లావు అద్దాల కళ్లజోడు. ఆదివారం జట్టంతా గోడ పొడుగునా నిలబడి ఉంది. ముసుగులు పెట్టుకునే ఉన్నారు. నాకది గౌరవంగా అనిపించింది. ముసుగులు ఎందుకు కావాలో తర్వాత తెలిసింది. నవ్వు దాచుకోవడానికి.

అమ్మ నేలమీద సాగిలపడి మొక్కింది. నేనూ మొక్కాను. ఆయన కాళ్లు వెనక్కి తీసుకోలేదు.

“రొంబ సంతోషం అమ్మా, రొంబ సంతోషం” అన్నాడు.

అమ్మ ఓళిగలు పెడితే తిన్నాడు. నెయ్యి ఎక్కువ వేయమన్నాడు. బొమ్మ ఇస్తే తిప్పి చూసి పక్కన పెట్టాడు. ఒక బొమ్మ వేసివ్వమని నేను కాగితం ఇస్తే, చెయ్యి వణుకుతుందని చెప్పి నత్త మాత్రం గీశాడు. వంకరగా ఉంది. ముసలితనం అనుకున్నాను.

అప్పుడు అమ్మ అడిగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అడిగింది.

“సామీ... కత ఆడ నిలిచిపోయింది గదా. వాళ్లమ్మ బతికుండాదా సామీ?”

ఆయన లాడ్జి అబ్బాయి వైపు చూశాడు. వాడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

“యార్ అమ్మ?” అన్నాడు ఆయన.

“వీరుని తల్లి సామీ. కోటలో ఉండాదే, కిటికీలో సెయ్యి...”

“అదా. ఆమె చచ్చిపోయింది.”

“ఎట్ల సామీ?”

“గోడమీద నుంచి తోసేసినా.”

గోడ పక్కన ఒకడికి దగ్గు వచ్చింది. అమ్మ కళ్లలోంచి నీళ్లు బొటబొటా కారాయి. ఏడుపు ఆపుకోలేక వెక్కింది. “కొడుకు సెయ్యి పట్టుకుని ఉండాది గదా సామీ, ఎట్ల తోసినారు? ఆ పిల్లోడు ఏమైనాడు?” అని మళ్లీ మళ్లీ అడిగింది. ఆయన వేళ్లకంటిన నెయ్యి పంచెకు తుడుచుకున్నాడు. అమ్మ చూపించడానికని చేతిలో పట్టుకున్న మొదటి సంచిక వైపు చూస్తూ, “ఇది నాకు ఇస్తావా అమ్మా? నా చేతి పని, నా దగ్గర ఒకటి గూడా లేదు” అన్నాడు.

అమ్మ నా వైపు చూడనైనా లేదు. “మీదే గదా సామీ” అని రెండు చేతులతో ఇచ్చింది.

బస్సులో ఇంటికి పోయేటప్పుడు పూతలపట్టు దాటేదాకా ఆమె ఖాళీ క్యారియరును ఒళ్లో పట్టుకుని కూర్చుంది. ఆ తర్వాత, “అంత పని సేసినోడు ఓళిగలు ఎట్ల తిన్నాడ్రా?” అంది.

కొన్ని వారాల తర్వాత, నేను తిరుపతి బస్టాండులో దిగుతుంటే ఒక మనిషి నా చెయ్యి పట్టుకున్నాడు. “రూము కావాల్నా సామీ, వేడినీళ్లుండాయి, రాండి” అన్నాడు. తలమీద ముళ్లలాగా వెంట్రుకలు మొలుస్తున్నాయి. కళ్లజోడు లేదు. గొంతు మాత్రం ఆ రోజు మంచం మీద కూర్చున్న నత్తాయనదే. నన్ను గుర్తుపట్టి చెయ్యి వదిలేశాడు. పారిపోలేదు, భయపడలేదు.

“గుండు నా మొక్కు గుండే అప్పా. వాళ్ల కోసరం కొట్టించుకోలా” అన్నాడు. ఇంకో బస్సు వస్తే, అటు పరుగెత్తాడు.

నేను లాడ్జికి నడిచాను. మేడమీద ఆదివారం జట్టు ఉంది. బీరువా తలుపు తీసి ఉంది. మొదటి సంచిక కొత్త కవరులో పైవరసలో ఉంది. నేను దాన్ని చూడటం లాడ్జి అబ్బాయి చూశాడు. కవరును ఇంకొంచెం ముందుకు జరిపాడు, బాగా కనిపించేలా.

“అది మాది” అన్నాను.

“ఎట్లా మీదప్పా? మీయమ్మే ఇచ్చె గదా, రెండు చేతుల్తో. ఎవురన్నా లాక్కున్నారా?” అని అందరి వైపు తిరిగాడు. “లాక్కున్నామా?”

“లేదు” అన్నారు అందరూ.

“నీకు నమ్మకం లేకపోతే విను” అని మంచం కింద నుంచి టేప్ రికార్డరు తీసి మీట నొక్కాడు. ముందు గరగర శబ్దం. తర్వాత అమ్మ గొంతు. వాళ్లమ్మ బతికుండాదా సామీ? గదిలో అందరూ ఆమెతోపాటు ఆ మాట పలికారు. ఎన్ని ఆదివారాలు విన్నారో, ఎక్కడ వెక్కుతుందో కూడా వాళ్లకు తెలుసు. వెక్కే చోట వెక్కారు. పెద్ద మీసాలాయన కళ్లు తుడుచుకునేంత నవ్వాడు. నేను టేపు మీదికి దూకితే ఇద్దరు పట్టుకున్నారు. చివరిదాకా వినిపించి వదిలారు.

ఆ సాయంత్రమే ఊరికి పోయాను. బెల్లం వండే రోజులు. అమ్మ చెరకురసం కాగే పెద్ద పెనం దగ్గర నిలబడి, పైకి తేలిన తెట్టు తీస్తోంది. అంతా చెప్పాను. టేపు సంగతి కూడా దాచలేదు. ఆమె గరిట ఆపకుండా విన్నది. ముఖానికి పెనం ఆవిరి అడ్డం ఉండటంతో ఏమనుకుంటుందో తెలియలేదు.

“అయితే వాళ్లమ్మ సావలేదా?” అంది.

“తెలీదమ్మా.”

“ఊ.” తెట్టు తీసి పారబోసింది. “రేప్పొద్దున పోదాం. తిరుపతికి.”

మర్నాడు లాడ్జి ఓనరే బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. నామాలు పెట్టుకున్న పెద్దమనిషి. వెనక గోడకు దేవుడి పటం, పటానికి మల్లెపూల దండ. అమ్మను చూసి, “గది కావాల్నా అమ్మా?” అన్నాడు.

“గది వద్దు సామీ. మీ పిల్లోడు మా పుస్తకం ఎత్తుకున్నాడు. నా గొంతు గూడా పెట్టెలో పట్టుకున్నాడు. రెండూ ఇప్పించండి.”

జరిగింది చెప్పింది. ఏడవలేదు, అరవలేదు. ఆయన శ్రద్ధగా విన్నాడు. గదుల కోసం వచ్చినవాళ్లు కూడా నిలబడి విన్నారు. ఆయన పైకి మనిషిని పంపి కొడుకును పిలిపించాడు. పుస్తకం, క్యాసెట్టు తెమ్మన్నాడు. తెచ్చాడు. ఓనరు క్యాసెట్టు అమ్మ చేతికి ఇచ్చాడు. పుస్తకం కవరులోంచి తీసి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఇదా? దీనికోసరం ఐరాల నుంచి వచ్చినావా తల్లీ? దీనికోసరం నువ్వు గుండాయన్ను కూర్చోబెట్టి నాటకమాడినావా ఎదవా?”

“నాయనా, దాన్ని అట్ల పట్టుకోవద్దు, అంచులు...” అన్నాడు కొడుకు.

తండ్రి ముఖం మారింది. “వాడు నాదంటాడు, నువ్వు నాదంటావు. గొడవెందుకు, చెరిసగం” అన్నాడు. పిన్నుల మధ్య బొటనవేళ్లు పెట్టి, పుస్తకాన్ని వెన్ను దగ్గర రెండుగా చించాడు. పాత కాగితం, పెద్దగా శబ్దం కూడా రాలేదు. ముందు సగం కొడుకు చేతిలో పెట్టాడు. వెనక సగం అమ్మ చేతిలో పెట్టాడు. న్యాయం చేసిన మనిషిలాగా చేతులు దులుపుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు కొందరు తల ఊపారు కూడా.

లాడ్జి అబ్బాయి ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. ఏడవలేదు. చేతిలోని కాగితాలను కదలకుండా చూస్తూ నిలబడ్డాడు. నాకు వాడి ముఖం చూస్తే సంతోషం వేసింది. ఆ సంతోషాన్ని నేను దారి పొడుగునా నెమరేసుకున్నాను.

అమ్మ మెట్లు దిగి, క్యాసెట్టును నేలమీద పెట్టి చెప్పుకాలితో తొక్కింది. అది పగల్లేదు. మళ్లీ తొక్కింది. నేను రాయి తెచ్చి ఇస్తే కొట్టింది.

ఆ తర్వాత ఆమె ముసుగులు కుట్టలేదు. పిల్లలు వచ్చి అడిగితే కసిరి తరిమేసేది. మిగిలిన బొమ్మలను విప్పేసి, ఆ కంబళి ముక్కలను పెనం దించేటప్పుడు చేతికి కాలకుండా పట్టుకునే మసిగుడ్డలు చేసింది. వెనక సగం మాత్రం ట్రంకుపెట్టెలో అడుగున పెట్టింది. నన్ను చదవమని ఎప్పుడూ అడగలేదు.

చాలా ఏళ్లు గడిచాయి. నాకు చిత్తూరులో ఉద్యోగం వచ్చింది. పాత బొమ్మల పుస్తకాల కోసం పెద్దపెద్ద ఊళ్లలో మనుషులు కంప్యూటర్లలో వెతుక్కుంటున్నారని వినేవాణ్ణి. ఒక సెలవు పూట నేను ఊళ్లో ఉండగా, మా ఇంటి ముందు కారు ఆగింది. లాడ్జి అబ్బాయి దిగాడు. అబ్బాయి కాదు ఇప్పుడు, లావెక్కి, జుట్టు పల్చబడిన మనిషి. తండ్రి పోయాడని, లాడ్జి తనే చూసుకుంటున్నానని చెప్పాడు.

అమ్మ అరుగుమీద చెనక్కాయలు వలుస్తోంది. వాడు చెప్పులు విడిచి ఆమె కాళ్లకు మొక్కాడు.

“అప్పుడు తప్పు చేసినానమ్మా. వయసు అట్లాంటిది” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. “ముందు సగం నా దగ్గర భద్రంగా ఉండాది. ఇన్నేళ్లలో ఇంకో కాపీ యాడా కనపడలా నాకు. వెనక సగం మీరిస్తే, కాగితాలు అతికే పనివాడు మద్రాసులో ఉన్నాడు. మచ్చ తెలీకుండా అతుకుతాడు. మీరేమి అడిగినా ఇస్తా.”

అమ్మ కాయ వలవడం ఆపలేదు.

“ఆలీసెం సేసినావు నాయనా. దాన్ని కాల్సేసినా” అంది.

“కాల్చేసినారా?”

“బెల్లం పొయ్యిలో. ఆ ఏడే. ఒక్కో కాగితం పెరికి ఏసినా. వాళ్లమ్మ ముసుగు కట్టే బొమ్మ ఉండాది గదా, అది బాగా ఎండి ఉన్నింది, బగ్గుమనె. వాని కండ్లు కడాకు కాలినాయి. నత్త ఉండే ముక్క మట్టుకు ఎగిరి కింద పడె. దాన్ని గూడా కట్టెతో తోసినా.”

వాడు అరుగు అంచున కూర్చుండిపోయాడు. పిల్లవాడిలాగా, నోరు తెరిచి, వెక్కివెక్కి ఏడ్చాడు. అమ్మ చేతిలోని చేట పక్కన పెట్టి, వాడి ముఖంలోకి వంగి చూసింది. కొంగుతో అడ్డం పెట్టుకోలేదు, పక్కకు తిరగలేదు. వాడు ఏడ్చినంతసేపూ చూసింది. ఏడుపు తగ్గాక లోపలికి పోయి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. వాడు తాగి, గ్లాసు కింద పెట్టి, కారెక్కి పోయాడు.

నేను గదిలోకి పోయి ట్రంకుపెట్టె తెరిచి చూశాను. చీర మడతల కింద వెనక సగం అలాగే ఉంది.

“ఉండాది గదమ్మా! ఎందుకు అట్ల చెప్పినావు?” అన్నాను.

అమ్మ మళ్లీ చేట ముందుకు లాక్కుంది.

“వాడు ఏడిస్తే ఎట్లుంటాడో సూడాలని ఉన్నింది. సూసినా. పెట్టె మూసిపెట్టు” అంది.